మాటకు రూపమిచ్చిన గురువు

శిశువు మాటలు నేర్చుకోవడం లోకంలో నిత్యమూ జరిగే అద్భుతం. అందుకు గురువు అక్కరలేదు, పలకా బలపమూ అక్కరలేదు. తల్లి లాలిపాటలోను, ఇంటివారి పలకరింపులలోను వినిపించే ధ్వనులను శిశువు మొదట చెవితో పట్టుకొంటాడు. పిదప నాలుకతో అనుకరిస్తాడు. తాను పలికినదానిని తానే విని, పెద్దల పలుకుతో పోల్చుకొని దిద్దుకొంటాడు. ఉగ్గుపాలతోపాటు మాట వంటబట్టడమంటే ఇదే. అయితే పుట్టుకతోనే వినికిడి లేని శిశువుకు ఈ రాజమార్గం మూసుకొని ఉంటుంది. అతని నాలుకకు, పెదవులకు, కంఠానికి ఏ లోపమూ లేకపోయినా మాట రాదు. వినని ధ్వనిని అనుకరించడం ఎవరికీ సాధ్యం కాదు కదా! అట్టి పిల్లలకు కంటి ద్వారాను, చేతి స్పర్శ ద్వారాను మాట నేర్పవచ్చునని నమ్మి, ఆ పనినే జీవితవృత్తిగా స్వీకరించినవాడు అలెగ్జాండర్ గ్రాహం బెల్. లోకం ఆయనను టెలిఫోన్ సృష్టికర్తగా స్మరిస్తుంది. ఆయన మాత్రం తన వృత్తి ఏమిటని అడిగినవారికి బధిరుల ఉపాధ్యాయుడననే చెప్పుకొనేవాడు.

బెల్ 1847 మార్చి 3వ తేదీన స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. ఆ ఇంట వాక్కు కులవిద్య వంటిది. తాత అలెగ్జాండర్ బెల్ లండన్‌లో ఉచ్చారణ శాస్త్రాన్ని బోధించేవాడు. నత్తి మొదలైన వాగ్దోషాలను సరిచేయడంలో పేరు గడించాడు. తండ్రి అలెగ్జాండర్ మెల్విల్ బెల్ కూడ అదే విద్యలో ఆచార్యుడు. తల్లి ఎలైజా చిత్రకారిణి, పియానో వాద్యంలో నేర్పరి. అయితే ఆమెకు వినికిడి బాగా తక్కువ. చెవి వద్ద ఒక గొట్టం పెట్టుకొంటే తప్ప ఎదుటివారి మాట తెలిసేది కాదు. బాలుడైన బెల్ ఆ గొట్టాన్ని పక్కన పెట్టి, ఆమె నుదుటికి దగ్గరగా నోరుంచి మంద్రస్వరంతో మాట్లాడేవాడు. ఆ కంపనాల వల్ల ఆమె కుమారుని మాటను గ్రహించేది. ఇంటికి వచ్చిన అతిథుల సంభాషణను అతడు వ్రేళ్ళ అక్షరాలతో తల్లికి ఎప్పటికప్పుడు తెలియజేసేవాడు. ధ్వని చెవికి మాత్రమే కాక శరీరానికంతటికీ తెలిసే వస్తువని ఆ బాలునికి నేర్పిన తొలి గురువు తల్లియే.

తండ్రి మెల్విల్ బెల్ చేసిన ముఖ్యమైన పని ‘దృశ్యవాక్కు’ అనదగిన ఒక కొత్త లిపిని కల్పించడం. దానిని ఆయన 1867లో గ్రంథరూపంలో ప్రకటించాడు. ఈ లిపి స్వభావం తెలుగు విద్యార్థులకు సులభంగానే బోధపడుతుంది. మన వర్ణమాలలో కవర్గం కంఠ్యం, చవర్గం తాలవ్యం, టవర్గం మూర్ధన్యం, తవర్గం దంత్యం, పవర్గం ఓష్ఠ్యం. కకారం మొదలుకొని మకారం వరకు వరుసగా పలికితే ధ్వని పుట్టే చోటు గొంతు నుండి పెదవుల దాకా ప్రయాణిస్తుంది. మన ప్రాచీన శిక్షా గ్రంథకర్తలు వర్ణాలను ఉచ్చారణ స్థానాన్ని బట్టి కూర్చిన తీరు ఇది. కాని మన అక్షరాల ఆకారం ఆ స్థానాన్ని చూపదు. ‘క’ అనే అక్షరాన్ని ఎంతసేపు చూచినా నాలుకను ఎక్కడ ఆనించాలో తెలియదు. మెల్విల్ బెల్ లిపిలో అక్షరం ఆకారమే ఆ స్థానాన్ని చూపుతుంది. నాలుకలో ఏ భాగం లేవాలి, పెదవులు మూయాలా తెరవాలా, శ్వాస నోటి గుండా పోవాలా ముక్కు గుండా పోవాలా అనే విషయాలన్నీ చిన్న చిన్న వంపులతో, గీతలతో అందులో సూచింపబడ్డాయి. ‘ప’, ‘బ’ రెండూ పెదవులు మూసి పలికేవే. ‘బ’ పలికేటప్పుడు మాత్రం కంఠంలోని స్వరతంత్రులు కంపిస్తాయి. పరుషానికీ సరళానికీ గల ఇట్టి భేదాన్ని ఆ లిపిలో ఒక చిన్న గీత తెలియజేస్తుంది.

ఈ లిపిని పరీక్షింపగోరి సభలకు వచ్చిన పండితుల ఎదుట తండ్రి ఒక ప్రదర్శన ఏర్పాటు చేసేవాడు. కుమారుని గది బయటకు పంపి, సభికులు పలికిన చిత్రవిచిత్ర ధ్వనులను నల్లబల్లపై ఆ లిపిలో వ్రాసేవాడు. కుమారుడు లోపలికి వచ్చి, తాను వినని ఆ ధ్వనులను ఉన్నవి ఉన్నట్లు పలికేవాడు. తనకు రాని సంస్కృతాన్ని సైతం ఆ విధంగా చదివి అతడు విద్వాంసులను ఆశ్చర్యపరిచాడు. వినకుండానే మాటను పలుకవచ్చుననడానికి ఆ బాలుడే ప్రత్యక్ష నిదర్శనం.

మాట పుట్టే యంత్రాంగాన్ని తెలుసుకోవాలనే ఆసక్తి బెల్‌కు ఆటలలోనే అలవడింది. తండ్రి ప్రోత్సాహంతో అతడూ అన్న మెల్విలూ కలిసి మాట్లాడే బొమ్మ నొకదానిని తయారుచేశారు. అన్న కంఠాన్ని, తమ్ముడు నాలుకను, నోటిని నిర్మించారు. దాని గొంతులోకి గాలి ఊదితే అది అమ్మను పిలిచే పసిబిడ్డలా ఏడ్చింది. ఏ బిడ్డకు ఏమి బాధ కలిగిందో అని పొరుగింటివారు వెదుక్కొంటూ వచ్చారట! మరొకమారు అతడు తమ పెంపుడు కుక్కకు ఎడతెగకుండా గుర్రుమనడం నేర్పి, దాని దవడలను చేతులతో అటూ ఇటూ కదుపుతూ మాటలవంటి శబ్దాలను పలికించాడు. గొంతులో పుట్టే నాదం ఒక్కటే అయినా, నోటి ఆకృతిని బట్టి వేరువేరు మాటలుగా మారుతుందని ఈ వినోదాల వల్ల అతడు గ్రహించాడు.

1868లో లండన్‌లోని ఒక చిన్న బధిర పాఠశాలలో బెల్ మొదటిసారిగా తండ్రి లిపితో పిల్లలకు మాటలు నేర్పాడు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. కాని ఆ కాలంలోనే ఆ కుటుంబంపై విధి పగబట్టింది. క్షయవ్యాధి 1867లో తమ్ముని, 1870లో అన్నను బలిగొన్నది. మిగిలిన ఒక్క కుమారుని ఆరోగ్యం కూడ క్షీణిస్తుండడంతో, తలిదండ్రులు స్వదేశాన్ని విడిచి అతనితో కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్‌కు తరలిపోయారు. అక్కడి స్వచ్ఛమైన గాలి అతనికి ఆరోగ్యాన్ని ప్రసాదించింది. మరుసటి సంవత్సరమే, అనగా 1871లో, అమెరికాలోని బోస్టన్ నగరం నుండి పిలుపు వచ్చింది. సారా ఫుల్లర్ అనే విదుషీమణి నడుపుతున్న బధిర పాఠశాలలో ఉపాధ్యాయులకు దృశ్యవాక్కును నేర్పడానికి ఆయన వెళ్ళాడు. ఆ తరువాత నార్తాంప్టన్‌లోని క్లార్క్ పాఠశాలలోను, హార్ట్‌ఫర్డ్‌లోని బధిర పాఠశాలలోను బోధించాడు. 1873లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది.

ఆయన బోధనలో కంఠస్థం చేయించడం లేదు. చూపడం, తాకించడం, ఆడించడం ఉన్నాయి. నల్లబల్లపై మనిషి ముఖాన్ని పక్కనుండి కనిపించేటట్లు గీసేవాడు. అందులో నాలుక, పెదవులు, కంఠం వారికి చూపించేవాడు. పిదప ఆ బొమ్మలో అక్కరలేని గీతలను ఒక్కొక్కటిగా తుడిచివేస్తే చివరకు దృశ్యవాక్కులోని అక్షరం మాత్రమే మిగిలేది. ఆ విధంగా అక్షరం పిల్లల కళ్ళకు తమ నోటి బొమ్మయే అయ్యేది. తన కంఠంపైన వారి చేయి పెట్టించి నాదం పుట్టే చోటును తెలియజేసేవాడు. కంఠం కంపిస్తే ఒక ధ్వని, కంపించకపోతే మరొక ధ్వని అని వారు వ్రేళ్ళతోనే తెలుసుకొనేవారు.

ఆయన శిష్యులలో జార్జి సాండర్స్ కథ ప్రత్యేకంగా పేర్కొనదగినది. పుట్టుకతో వినికిడి లేని ఈ బాలుడు 1872లో ఐదేండ్ల వయస్సున బెల్ వద్దకు వచ్చాడు. మరుసటి సంవత్సరం నుండి బెల్ సేలం పట్టణంలో ఆ బాలుని నాయనమ్మ ఇంటిలోనే నివసించి విద్య గరపాడు. అంత చిన్నవానికి వ్యాకరణం చెప్పినా, పదాల పట్టిక వల్లె వేయించినా ప్రయోజనం ఉండదని ఆయనకు తెలుసు. అందువల్ల బాలుని ఆటవస్తువులకు వాటి పేర్లు వ్రాసిన చీటీలు తగిలించాడు. బొమ్మ కావాలంటే బాలుడు చేతులతో సైగ చేయడం కాక, ఆ బొమ్మ పేరున్న చీటీని వెదికి తెచ్చి ఇవ్వాలి. చీటీ ఇస్తే బొమ్మ వస్తుంది. ఈ ఆటతో ఆ పసివానికి ఒక మహాసత్యం తెలిసింది. ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంది. ఆ పేరును ఎదుటివానికి అందజేస్తే మనసులోని కోరిక అతనికి తెలుస్తుంది. భాషకు మూలం ఇదే కదా! బెల్ అంతటితో ఆగలేదు. ఒక చేతితొడుగుపై అక్షరాలు వ్రాసి దానిని బాలునికి ఇచ్చాడు. ఆ అక్షరాలను వరుసగా తాకుతూ గురుశిష్యులు వీధిలో నడుస్తూ కూడ ముచ్చటించుకొనేవారు. పదకొండేండ్ల తరువాత 1883లో ఆయన ఈ అనుభవాన్ని ఒక వ్యాసంగా ప్రకటించాడు.

టెలిఫోన్ పుట్టుక కూడ ఈ బోధనతోనే ముడిపడి ఉంది. బధిర బాలుడు తన మాటను తాను వినలేడు కనుక తప్పు దిద్దుకోలేడు. ఆ మాటను కంటికి కనిపించేటట్లు చేయగలిగితే ఎంత బాగుండును! ఈ ఆలోచనతో బెల్ 1874లో ఒక వైద్యుని సహాయంతో మృతుని చెవిని సంపాదించి, దాని లోపలి ఎముకకు ఒక గడ్డిపరకను అమర్చాడు. ఆ చెవిలోకి మాట్లాడితే కర్ణభేరి కంపించి, మసిపట్టిన గాజుపలకపై ఆ గడ్డిపరక తరంగాల వంటి గీతలు గీచింది. గురువు పలికిన గీతను చూచి శిష్యుడు తన గీతను దానికి సరిపోల్చుకోవాలన్నదే ఆయన ఉద్దేశం. అయితే ఇంత పలుచని కర్ణభేరి అంతటి ఎముకలను కదిలించగా లేనిది, ఒక పొర ఇనుపరేకును కదిలించి విద్యుత్తును మాటకు తగినట్లుగా మార్చలేదా అన్న ఊహ అక్కడే మెరిసింది. ఆ పరిశోధనకు ధనసహాయం చేసినవారు ఇద్దరూ బధిర శిష్యుల తండ్రులే. ఒకరు జార్జి తండ్రి థామస్ సాండర్స్. రెండవవారు మేబెల్ తండ్రి గార్డినర్ హబ్బర్డ్. 1876 మార్చి 7వ తేదీన ఆయనకు పేటెంటు లభించింది. మూడు దినాల తరువాత పక్కగదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌కు తీగ గుండా ఆయన పిలుపు వినిపించింది.

మేబెల్ ఐదేండ్ల వయస్సున విషజ్వరం సోకి వినికిడి కోల్పోయింది. ఎదుటివారి పెదవుల కదలికను చూచి మాటను గ్రహించడంలో ఆమె దిట్ట. బెల్ వద్ద ఉచ్చారణ నేర్చుకోవడానికి వచ్చిన ఆమెను 1877లో ఆయన వివాహమాడాడు. టెలిఫోన్ సంస్థలో తనకు గల వాటాలలో పదింటిని మాత్రం ఉంచుకొని, మిగిలినవన్నీ ఆమెకు పెండ్లికానుకగా ఇచ్చాడు. సంపద వచ్చినా ఆయన బధిర బాలలను మరువలేదు. 1880లో ఫ్రాన్సు ప్రభుత్వం వోల్టా పురస్కారంగా ఇచ్చిన యాబై వేల ఫ్రాంకులతో పరిశోధనశాలను నెలకొల్పాడు. ఆ పరిశోధనల ఆదాయంతో బధిరుల విద్యకు సంబంధించిన విజ్ఞానాన్ని సేకరించి పంచడానికి 1887లో వోల్టా బ్యూరోను స్థాపించాడు.

1883లో ఆయన వాషింగ్టన్ నగరంలో స్వయంగా ఒక చిన్న పాఠశాలను తెరిచాడు. ఆ భవనంలోనే వినికిడి గల పిల్లల శిశుతరగతిని కూడ నడిపించాడు. పాఠాలు వేరైనా ఆటలు కలిసి ఆడాలన్నది ఆయన ఆశయం. మాట అనేది ఒంటరిగా సాధన చేసే విద్య కాదు. తోటివారితో ఆడుతూ, అలుగుతూ, అడుగుతూ, పంచుకొంటూ వాడుకొనవలసిన సాధనం. ఉచ్చారణ ఎంత చక్కగా వచ్చినా కలిసి మెలిసి మసలుకోవడం రాని పిల్లవానికి ఆ మాట వలన ప్రయోజనం కొంచెమే. ఈ సత్యాన్ని ఆయన ఆనాడే గుర్తించాడు. కాని టెలిఫోన్ హక్కులపై సాగిన వ్యాజ్యాలు ఆయన కాలాన్ని హరించివేశాయి. 1885లో ఆ బడి మూతపడింది. ఆయనకు మిగిలిన పెద్ద చింతలలో ఇదొకటి.

మరుసటి సంవత్సరం ఆర్థర్ కెల్లర్ అనే పెద్దమనిషి ఆరేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని ఆయన వద్దకు వచ్చాడు. ఆ బాలికకు చూపు లేదు, వినికిడి లేదు, మాట రాదు. బెల్ ఆమెను ఒడిలో కూర్చుండబెట్టుకొని, తన గడియారం గంట కొట్టేటప్పటి కంపనాన్ని ఆమె చేతికి తెలియజేశాడు. బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు వ్రాయవలసినదిగా ఆ తండ్రికి సలహా ఇచ్చాడు. దాని ఫలితంగా 1887 మార్చి 3వ తేదీన, అనగా బెల్ నలుబదవ జన్మదినాన, ఆన్ సలివన్ అనే ఉపాధ్యాయిని ఆ బాలిక ఇంటికి చేరింది. ఆ బాలికయే హెలెన్ కెల్లర్. అరచేతిలో వ్రేళ్ళతో అక్షరాలు వ్రాయగా ఆమె భాష నేర్చింది. 1890లో సారా ఫుల్లర్ ముఖాన్ని, పెదవులను, నాలుకను తాకి చూచి మాట్లాడడం కూడ అభ్యసించింది. 1903లో వెలువడిన తన ఆత్మకథను ఆమె బెల్‌కే అంకితం చేసింది.

ఇంతటి కరుణామయుని జీవితంలో ఒక వివాదం కూడ ఉంది. మహనీయుల చరిత్రను చదివేవారు దానిని దాటిపోరాదు. బధిరులు తమలో తాము చేతులతో మాట్లాడుకొనే సంజ్ఞాభాషను బెల్ తరగతి గది నుండి తొలగించాలని వాదించాడు. సంజ్ఞలు అలవాటైతే పిల్లలు మాట నేర్వరని, సమాజానికి దూరమై తమలో తామే ఉండిపోతారని ఆయన భయం. బధిరులు బధిరులనే వివాహమాడితే బధిరజాతి ఒకటి ఏర్పడుతుందని 1883లో ఒక పత్రంలో హెచ్చరించాడు. బధిరులను ఒక చోట చేర్చే వసతి పాఠశాలలను, బధిర ఉపాధ్యాయులను తగ్గించాలన్నాడు. ఆయనకు ఎదురు నిలిచినవాడు ఎడ్వర్డ్ మైనర్ గాలాడెట్. ఆయన కూడ వినికిడి లేని తల్లికి పుట్టినవాడే. మాట నేర్వగలవారికి మాటనూ, అందరికీ సంజ్ఞలనూ నేర్పాలని గాలాడెట్ వాదించాడు. ఒకే విధమైన మాతృప్రేమలో పెరిగిన ఇద్దరు కుమారులు రెండు దారులలో నడవడం ఆలోచింపదగిన విషయం.

1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సభ నోటిమాట పద్ధతికే పట్టం కట్టింది. ఆ సభకు బెల్ వెళ్ళలేదు గాని, ఆ మార్గానికి అమెరికాలో ఆయన కీర్తి గొప్ప బలమైంది. తీర్మానించినవారు దాదాపు అందరూ వినికిడి గలవారే. తత్ఫలితంగా అనేక దేశాలలో బధిర ఉపాధ్యాయులు కొలువులు కోల్పోయారు; పిల్లలు బడిలో చేతులు కదిపితే దండన పొందారు. పెదవులను చదవడం ఎంత కష్టమో తెలియనివారు ఆ కష్టాన్ని పిల్లలపై మోపారు. ప, బ, మ అనే మూడు ధ్వనులూ పెదవులపై ఒకే తీరుగా కనిపిస్తాయి. మాటా రాక, సంజ్ఞలూ లేక ఎందరో పిల్లల అమూల్యమైన బాల్యం ఏ భాషా లేకుండానే గడిచిపోయింది. సంజ్ఞాభాషకు కూడ స్వంత వ్యాకరణం ఉన్నదని, అది సంపూర్ణమైన భాషయేనని 1960లో విలియం స్టోకో నిరూపించాడు. మిలాన్ తీర్మానం వల్ల జరిగిన హానికి 2010లో వాంకూవర్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సభ విచారం ప్రకటించింది. భారతదేశంలో 2015లో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రం ఏర్పడింది.

అయినంత మాత్రాన బెల్ కృషి వ్యర్థం కాలేదు. ఆయన తండ్రి లిపి వాడుక నుండి తప్పుకొన్నది గాని, దాని వెనుక ఉన్న సూత్రం నిలిచింది. నేటి వాక్చికిత్సకులు పిల్లవానిని అద్దం ముందు కూర్చుండబెట్టి నాలుకను చూపిస్తారు. పకారానికి అంతగా కదలని కాగితపు ముక్క ఫకారానికి నోటి ముందు ఊగడం చూపించి అల్పప్రాణ మహాప్రాణాల భేదం తెలియజేస్తారు. మాట రాని పిల్లవాడు బొమ్మ ఉన్న చీటీని ఇచ్చి తనకు కావలసిన వస్తువును అడిగే పద్ధతి, జార్జి ఆడిన ఆటను గుర్తుకు తెస్తుంది. ఒకరి తరువాత ఒకరు బంతి విసురుకోవడం, అంగడి ఆట ఆడడం, కథలోని పాత్రల ముఖాలలో కోపమూ సంతోషమూ గుర్తించడం వంటి ఆటల ద్వారా తమ వంతు వచ్చే వరకు ఆగడం, ఎదుటివాని మనసు తెలుసుకోవడం నేర్పుతారు. అవసరమైన చోట సంజ్ఞలను కూడ తోడు తీసుకొంటారు. పిల్లవానిని పద్ధతికి తగినట్లు మలచడం కాక, పద్ధతిని పిల్లవానికి తగినట్లు మలచాలన్నది ఈ నూరేండ్ల అనుభవం నేర్పిన పాఠం.

బెల్ తన చివరి దినాలను కెనడాలోని నోవా స్కోషియాలో, బడెక్ సమీపాన గల తన గృహంలో గడిపాడు. 1922 ఆగస్టు 2వ తేదీన అక్కడే కన్నుమూశాడు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోన్లన్నీ ఒక నిమిషం పాటు మౌనం వహించాయి. అంత్యఘడియలో తనను విడిచి వెళ్ళవద్దని భార్య మేబెల్ వేడుకొన్నదని చెబుతారు. వెళ్ళనని చెప్పడానికి ఆయనకు నోట మాట రాలేదు. పసితనంలో తల్లితో వ్రేళ్ళ అక్షరాలతో ముచ్చటించిన ఆ చేయియే మెల్లగా కదిలి, సంజ్ఞతో ఆమెకు బదులు చెప్పింది. జీవితమంతా మాట కోసం శ్రమించిన ఆ గురువు చివరిమాట చేతితో పలికినది. అయినా ఆమెకు ఆ మాట స్పష్టంగానే అర్థమైంది.